రేవు దిగని లెక్కలు

మా రోజుల్లో సముద్రంలో చేపని లెక్కపెట్టడమంటే రేవుకి వెళ్ళడం. ఇప్పటి కుర్రాళ్ళు ఏసీ గదిలో కూర్చుని బంగాళాఖాతాన్నంతా కంప్యూటర్లో ఆడిస్తున్నారు. అది తప్పని నేననను. నెత్తళ్ళని ఊడ్చేస్తే వాటిని తిని బతికే వంజరం ఏమవుతుందో అన్నీ కలిపి చూసే వీలు మాకు లేదు. అలా అన్నీ కలిపి చూసే ఎకోపాత్ పద్ధతికి 1984లో హవాయి పగడపు దిబ్బల దగ్గర పొలోవినా అనే శాస్త్రవేత్త పునాది వేశాడు. తర్వాత పాలీ, క్రిస్టెన్సెన్, వాల్టర్స్ దాన్ని పెంచి ప్రపంచానికిచ్చారు. గొప్ప పని. నా గొడవల్లా అందులో పోసే అంకెల గురించే.

మాకు నేర్పిన పద్ధతి ఇది: ఒక రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఆరు దాకా రేవులో ఉండాలి, మర్నాడు పొద్దున్న ఆరు నుంచి పన్నెండు దాకా. రాత్రి దిగిన పడవల సంగతి సరంగుల్ని అడిగి రాసుకోవాలి. ఎండైనా వానైనా అంతే. గంపలో చేపలు తీసి చెక్క స్కేలు మీద ఒక్కోటీ పెట్టి పొడవు రాసేవాళ్ళం. ఆనక పొట్టలు కోసేవాళ్ళం. సావడాయి పొట్టలో నెత్తళ్ళుంటాయి, రొయ్యలుంటాయి, ఒక్కోసారి దాని జాతి పిల్లలే ఉంటాయి. ఎవరు ఎవర్ని ఎంత తింటారనే పట్టిక ఇలా కోసిన పొట్టల్లోంచే పుట్టాలి. ఇప్పటి రిపోర్టులు తిరగేస్తే ఆ పట్టిక చాలాసార్లు వేరే సముద్రం మీద ఎప్పుడో రాసిన పేపర్లోంచి ఎత్తి తెచ్చింది. మన సావడాయి ఏం తింటుందో మన రేవులో చూడ్డానికి తీరిక లేదా?

ఎకోపాత్ మోడల్‌కి ఒక నియమం ఉంది. ఒక జాతి ఏడాదిలో ఎంత పెరిగిందో అంతలోనే దాన్ని తిన్నవాళ్ళ వాటా, పట్టినవాళ్ళ వాటా సరిపోవాలి. సరిపోకపోతే మిషను ఒప్పుకోదు. అప్పుడు కుర్రాడు ఒక అంకెని అటూ ఇటూ జరుపుతాడు, ఒప్పుకుంటుంది. మా రోజుల్లో లెక్క కుదరకపోతే మళ్ళీ రేవుకి పోయేవాళ్ళం.

అసలు కుదరకపోవడానికి కారణం ఒడ్డుకి రాని చేప. వారాల తరబడి వేటకెళ్ళే ట్రాలర్లకి ఐసు పెట్టెలో చోటు తక్కువ. మొదటి రోజుల్లో పడ్డ గులివింద పిల్లల్ని, ధర రాని చిన్న చేపల్ని చచ్చాక నీళ్ళలోకే తోసేస్తారు. చివరి రోజులవి మాత్రం ఎండబెట్టడానికో, మేత మిల్లుకో వస్తాయి. సరంగు పక్కన కూర్చుని టీ తాగుతూ అడిగితే తప్ప ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఫోన్లో అడిగితే అసలే చెప్పరు.

ఇంకో మాట. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళు ఉపగ్రహం చూసిన నీటి వేడినీ, పచ్చదనాన్నీ బట్టి చేపలు దొరికే చోటు రోజూ చెబుతున్నారు. డీజిల్ మిగులుతోంది, సంతోషం. చేప ఎక్కడుందో చెప్పే శాస్త్రానికున్న ఆదరణ ఎంత వదిలెయ్యాలో చెప్పే శాస్త్రానికి ఎందుకు లేదు? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపుతున్నాం. మిగతా పది నెలలకి ఎన్ని టన్నులనే హద్దు లేదు.

కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ వాళ్ళకి లెక్కలూ ఉన్నాయి, హద్దులూ ఉన్నాయి. అయినా 1992 జులైలో కాడ్ చేప వేటని నిషేధిస్తే దాదాపు 30 వేల మందికి పని పోయింది. ఒడ్డున చిన్న పడవలవాళ్ళు చేప తగ్గిందని, చిన్నదైపోయిందని అంతకు ముందు నుంచే మొత్తుకున్నారు. పెద్ద ట్రాలర్లు మిగిలిన గుంపుల్ని వెతికి మరీ పడుతుంటే, ఆ పట్టుబడి చూసి లెక్కలు వేసేవాళ్ళు చేప బోలెడుందనుకున్నారు. 2023లో వాళ్ళ మోడల్‌ని 1954 నాటి లెక్కల దాకా వెనక్కి పొడిగించి, ప్రమాదపు గీతని తిరిగి గీశారు. కాడ్ స్థితి ప్రమాదం నుంచి ‘జాగ్రత్త’ మెట్టుకి మారింది. మరుసటేడు నిషేధం ఎత్తేశారు. ఎత్తేయడం తొందరపాటే అంటాను. కానీ పాత కాగితాల విలువ చూడండి!

మన పాత రిజిస్టర్లేవి? నేను పనిచేసిన ఆఫీసులో గది ఖాళీ చెయ్యాలని చెదలు పట్టినవీ పట్టనివీ కలిపి కాటాకి వేసేశారు. భీమిలి, పూడిమడక, కాకినాడల్లో పాత వేలందారుల ఇళ్ళల్లో ఏ రోజు ఏ పడవ ఎన్ని గంపలు దింపిందో రాసిన చిట్టా పుస్తకాలు ఇంకా ఉండే ఉంటాయి. అవి అడిగి తెచ్చి కంప్యూటర్లోకి ఎక్కించండయ్యా అని వెళ్ళిన చోటల్లా చెబుతున్నాను. ప్రాజెక్టులో దానికి పద్దు లేదంటున్నారు.