లైసెన్సు బాబాయి

ఆక్లండ్‌లో నాలుగు తెలుగు కుటుంబాలు కలిసిన చోట ఇళ్ల ధరలు, వడ్డీ రేట్లు, పిల్లల చదువులు అయ్యాక మాటలకి కాస్త కరువొస్తుంది. ఆ సందు కోసమే కాచుకుని ఉంటాడు లైసెన్సు బాబాయి. జేబులోంచి ఫోను తీస్తాడు. మనవరాలి ఫొటో చూపిస్తాడేమో అనుకుని మనం ముందుకు వంగుతాం. అక్కడ కనిపించేది టౌపో సరస్సు ఫిషింగ్ లైసెన్సు.

“సీజన్ లైసెన్సు. జూలై 1 నుంచి జూన్ 30 దాకా. చూసుకో, పేరు, నంబరు అన్నీ ఉన్నాయి” అంటాడు, తప్పుంటే పట్టుకో అన్నట్టు.

ఈ తరహా మనిషికి అసలు పేరు ఏదైనా ఉండొచ్చు. ఊరు కైకలూరుకి అటో ఇటో. వయసు యాభై దాటింది. పిల్లలు ఎవరి ఇళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. ఇప్పుడు కారు డిక్కీలో గాలం కర్రా, రబ్బరు బూట్లూ కాపురం ఉంటున్నాయి. ఎన్ని చేపలు పట్టావని అడిగితే మాట మారుస్తాడు. ఏ నిబంధన ఎందుకు వచ్చిందని అడిగితే మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు.

న్యూజిలాండ్‌లో ట్రౌట్ అనే చేపని పట్టాలంటే ఫిష్ అండ్ గేమ్ సంస్థ లైసెన్సు తీసుకోవాలి. అది దేశమంతా చెల్లుతుంది, ఒక్క టౌపోలో తప్ప. టౌపో సరస్సుకీ దాని చుట్టూ ఉన్న నదులకీ డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్సర్వేషన్ వేరే లైసెన్సు ఇస్తుంది. పోనీ అది తీసుకుని పక్కనే ఉన్న రోటోరువా సరస్సులకి వెళ్దామంటే అక్కడ పనికిరాదు. పైగా ఒకదాని ఏడాది జూలైలో మొదలైతే రెండోదానిది అక్టోబరులో. ఏడాదికి రెండు ఉగాదులొచ్చే ఈ పంచాంగం బాబాయికి కంఠస్థం. రెండు లైసెన్సులూ కొంటాడు, రెండిట్నీ ప్రింటు కూడా తీసి ప్లాస్టిక్ కవర్లో పెడతాడు. “ఫోను నీళ్లలో పడితే?” అన్నది అతని వాదన. పడదని చెప్పగలిగిన మగాడెవడు?

రెండు లైసెన్సులెందుకని మాత్రం భోజనం ముందు అడగకూడదు. అడిగితే అన్నం చల్లారిపోతుంది. ఆ కథ 1926లో మొదలవుతుంది. ఆ ఏడాది ప్రభుత్వం చట్టం చేసి సరస్సు అడుగు నేలని తన పేర పెట్టుకుంది. అది తరతరాలుగా న్గాటి టూఫారెటోవా అనే మావోరీ తెగది. బదులుగా తెగకు ఏటా సొమ్ము చెల్లిస్తామని ఒప్పుకుంది, ఆ సొమ్ముని చేపల లైసెన్సు రాబడితో ముడిపెట్టింది. 1992లో ఆ నేల మళ్లీ తెగ పేర చేరింది. జనం సరస్సుకి వచ్చిపోయే హక్కు మాత్రం అలాగే ఉంది. 1990లో మిగతా దేశంలో ట్రౌట్ వ్యవహారాలు ఫిష్ అండ్ గేమ్ మండళ్ల చేతికి వెళ్లినా, టౌపో ప్రభుత్వ శాఖ కిందే ఉండిపోయింది. దానికి కారణం తెగతో ఉన్న ఈ పాత ఒప్పందమే.

ఇదంతా బాబాయి చెబుతుంటే గొంతులో ఒక తడి ఉంటుంది. కొల్లేటి సరస్సు ఒడ్డు మనిషి కదా. 1999లో కొల్లేటిని ఐదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించినప్పటి నుంచి, సరస్సు ఎక్కడ ఆగుతుంది, చెరువు ఎక్కడ మొదలవుతుందన్నది వాళ్ల ఇంట్లో కాఫీతో పాటు వచ్చే ప్రశ్న. నీళ్ల కింద నేలకి కూడా యజమాని ఉంటాడని అతనికి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

కైకలూరులో ఉండే అన్నగారికి చేపల చెరువులున్నాయి. బొచ్చె, శీలావతి ఐసు పెట్టెలకెత్తి లారీల్లో కలకత్తా దారి పట్టించే ఆయనకి తమ్ముడి సరదా ఒక పట్టాన అర్థం కాలేదు.

“కిలో ఎంత పలుకుతుందిరా అక్కడ?”

“అమ్మకూడదన్నయ్యా.”

“నువ్వమ్మకూడదా?”

“ఎవరూ అమ్మకూడదు. ఈ దేశంలో ట్రౌట్ కొట్లో ఉండదు, హోటల్ మెనూలో ఉండదు. మనం పట్టి తీసుకెళ్తే కొన్ని హోటళ్లలో వండి పెడతారు, అంతే.”

“అంటే డబ్బు కట్టి, అంత దూరం కారు నడుపుకుంటూ పోయి, చలిలో నడుం లోతు నీళ్లలో నిలబడి, పట్టింది అమ్ముకోకుండా ఇంటికి తెచ్చుకుంటావు.”

“దొరికితే తెచ్చుకుంటా.”

అన్నగారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “బీపీ చూపించుకుంటున్నావా?” అన్నారు.

అన్నగారికి వింతగా తోచిన నిబంధనే అసలు విషయం. ఇంగ్లండులో మంచి నదులు చాలావరకు జమీందార్ల ఎస్టేట్లలో ఉండేవి. గాలం వేసే హక్కు కూడా అద్దెకిచ్చే సరుకే. అక్కణ్ణించి వచ్చి న్యూజిలాండ్‌లో స్థిరపడినవాళ్లు ఆ పద్ధతి వద్దనుకున్నారు. అందుకే న్యూజిలాండ్ చట్టంలో చేపని అమ్మడమే కాదు, నదిలో చేపలు పట్టే హక్కుని అమ్మడమూ అద్దెకివ్వడమూ నేరమే. పొలం యజమాని తన పొలంలోంచి నడవొద్దని చెప్పొచ్చు, గాలం వేసినందుకు మాత్రం డబ్బు అడగకూడదు. కోటీశ్వరుడైనా కారు తుడిచేవాడైనా ఒకే లైసెన్సు, ఒకే నీళ్లు. బాబాయి గొప్పగా చెప్పుకునే నిబంధనల్లో నిజంగా గొప్పది ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ట్రౌట్ కూడా న్యూజిలాండ్ చేప కాదు. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు 1867లో టాస్మానియా నుంచి వచ్చాయి. రెయిన్‌బో ట్రౌట్ గుడ్లు 1883లో కాలిఫోర్నియా నుంచి. రెండూ పంతొమ్మిదో శతాబ్దం దాటకుండానే టౌపో చేరాయి. “మనలాగే వీసా మీదొచ్చి స్థిరపడింది పాపం” అంటాడు బాబాయి. తను పట్టలేకపోయిన చేపల మీద అతనికి ప్రత్యేకమైన అభిమానం.

బాబాయి చిన్నప్పుడు ఊరి దగ్గర పోల్రాజు కాలవ గట్టు మీద ఎర్రలు తవ్వుకుని, బెండు కట్టి, గాలం వేసినవాడు. టౌపోలో ఎర్రలు నిషిద్ధం. బతికిన ఎర ఏదీ కుదరదు, ఈకలూ వెంట్రుకలూ దారమూ చుట్టి చేసిన దొంగ పురుగునో, లోహపు రేకునో వాడాలి. సరస్సులోకి వచ్చే టోంగరీరో నదిలో ఆ రేకు కూడా పనికిరాదు, ఫ్లై అనే ఆ దొంగ పురుగు ఒక్కటే. మనిషికి ఒకటే కర్ర. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము 5 గంటల దాకా గాలం వేయకూడదు. బాబాయి పదకొండూ ముప్పావుకే దారం చుట్టేస్తాడు, గడియారం తప్పు నడుస్తుంటే ఎవరిది బాధ్యత?

కనీస పొడవు ఇంత అని ఒక లెక్క ఉంది. ముక్కు చివర నుంచి తోక చీలిక దాకా సరళ రేఖలో కొలవాలి, తోక కొస దాకా కాదు. దీనికోసం బాబాయి మెడలో దర్జీవాడిలా టేపు వేలాడుతుంటుంది. తనకి పడనప్పుడు పక్కవాళ్ల చేపలు కొలిచి పెడతాడు. ఒక యువకుడు సంబరంగా ఎత్తి చూపిస్తున్న చేపని అడిగి తీసుకుని, కొలిచి, “ఒక సెంటీమీటరు తక్కువ, వదిలెయ్ నాయనా” అన్నాడట. ఆ యువకుడు తెలుగువాడు కాదు, భాష అర్థం కాలేదు, కానీ వదిలేశాడు. టేపుకి అంత మర్యాద ఉంది.

చాలాకాలం రోజుకి మూడు చేపలే పరిమితి. సరస్సులో చిన్న చేపలు ఎక్కువైనప్పుడు దాన్ని ఆరుకు పెంచి, కాస్త ఎక్కువ తీసుకెళ్లి తినండని అధికారులే చెప్పారు. బాబాయికి మూడున్నప్పుడూ ఇబ్బంది రాలేదు, ఆరైనప్పుడూ రాలేదు.

మొహం కంటే ముందు అతను చూసేది మన బూట్ల అడుగు. నీళ్లలో జారకుండా ఒకప్పుడు అందరూ ఉన్ని అతికించిన బూట్లు వేసుకునేవారు. 2004లో దక్షిణ ద్వీపం నదుల్లో డిడిమో అనే నాచు బయటపడింది. రాళ్లని జిగటగా కప్పేసే ఆ నాచు ఉన్నిలో తడిగా దాక్కుని ఒక నది నుంచి ఇంకో నదికి ప్రయాణం చేస్తుంది. 2008 నుంచి ఉన్ని అడుగుల్ని దేశమంతా నిషేధించారు. చూడు, కడుగు, ఆరబెట్టు అన్నది అక్కడి ప్రచారం. పిన్ని ఇంట్లో బట్టల తీగ మీద ఆరేవి చాలావరకు బాబాయి సరంజామాయే.

వైటహనుయి నది సరస్సులో కలిసే చోట గాలాలవాళ్లు భుజం భుజం ఆనించి వరసగా నిలబడతారు. ఆ వరసకి కంచె అని పేరు పడిపోయింది. టోంగరీరోలో కొన్ని మడుగులు పెద్దవాళ్ల పేర్లతో ఉంటాయి: మేజర్ జోన్స్, జడ్జెస్, అడ్మిరల్స్, డచెస్. అక్కడ ఇంకో చిక్కు. తడి దారం (వెట్ లైన్) వేసేవాళ్లు అడుగడుగూ దిగువకి నడుస్తారు, నింఫ్ అనే రకం దొంగ పురుగు వేసేవాళ్లు ఎగువకి నడుస్తారు. మధ్యలో ఎదురుపడితే ఎవరు తప్పుకోవాలో చట్టంలో లేదు. చట్టంలో లేని ఆ ఒక్క విషయం దగ్గరే బాబాయి చేపల వేట ఆగిపోతుంది. ఒడ్డుకొచ్చి, రెండు పక్షాలకీ న్యాయం చెబుతూ నిలబడతాడు.

అతని అసలు కోరిక వేరే ఉంది. రేంజర్ రావాలి, లైసెన్సు అడగాలి. చూపించమంటే చూపించి తీరాలి, లేకపోతే కేసు, జరిమానా. అందరూ రేంజర్ కనిపిస్తే జేబులు తడుముకుంటారు. బాబాయి ఎదురెళ్తాడు. ఒకసారి రేంజర్ అతన్ని దాటుకుని పక్కవాడి దగ్గరికి పోతుంటే, “మేడమ్, నాది?” అన్నాడు. ఆవిడ నవ్వి, కాగితం చూసి, పెట్టె తెరిచి చూసి, “ఆల్ గుడ్” అని వెళ్లిపోయింది. రేపు రమ్మనలేదు, జిరాక్సు అడగలేదు, టీ డబ్బులు అడగలేదు. మన ఊళ్లో ఏ కాగితం పట్టుకుని ఏ కిటికీ ముందు నిలబడ్డా ఏదో ఒకటి తక్కువయ్యే పుట్టుక పుట్టినవాడికి, అన్నీ సరిగ్గా ఉన్నాయని ప్రభుత్వం ముఖాన చెప్పిన రోజది. పెట్టెలో చేప లేదన్నది ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

పిన్ని మాత్రం శుక్రవారమే కొట్లో సాల్మన్ కొని ఉంచుతుంది. పెంపకం సాల్మన్ అమ్ముకోవచ్చు, దానికి నిషేధం లేదు. ఆదివారం రాత్రి బాబాయి ఖాళీ పెట్టెతో దిగేసరికి పులుసు మరుగుతుంటుంది.

ఆక్లండ్ వైపు వెళ్లే తెలుగువాళ్లకి ఒక మాట. అక్కడ ట్రౌట్ రుచి చూడాలంటే ఎంత డబ్బున్నా కొనలేరు. లైసెన్సు తీసుకుని మీరే పట్టాలి, లేదా పట్టినవాడు భోజనానికి పిలవాలి. ఆ రెండో దారి నమ్ముకుంటే లైసెన్సు బాబాయింటికి మాత్రం వెళ్లకండి. అక్కడ దొరికేది సాల్మన్.