లినక్సప్ప మడి

కర్నూల్లో రాజ్‌విహార్ సెంటర్ కాడ ఒకడు, కడపలో ఏడురోడ్ల కాడ ఒకడు, నంద్యాల్లో తక్కువంటే ఇద్దరు. లినక్సప్ప లేని ఊరు సీమలో లేదు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివుంటాడు, లేకుంటే ఏదో ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతుంటాడు. సంచిలో ఎప్పుడూ రెండు పెన్‌డ్రైవులుంటాయి. ఒకటి నలుగురి ముందు తీసేది. రెండోదాని సంగతి తర్వాత.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది మొదలు ఆయనకు తీరిక లేదు. పాత కంప్యూటరు కంటబడితే చాలు, "పారెయ్యాకప్పా, నాకియ్యి, పానం పోస్తా" అంటాడు. పోస్తాడు కూడా, అది ఒప్పుకోవాల్సిందే. విండోస్ తీసేసి లినక్స్ ఎక్కిస్తే అరగంటలో తెర వెలుగుతుంది, తెలుగులో మెనూలొస్తాయి. వైఫై మాత్రం రాదు.

"వైఫై యాడన్నా?"

"అది బ్లాబు గదప్పా!"

బ్లాబంటే లోపల ఏముందో చెప్పకుండా కంపెనీవాడు మూటగట్టి ఇచ్చే ప్రోగ్రాము. లినక్స్‌ను ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. కానీ వైఫై చిప్పో గ్రాఫిక్స్ కార్డో నిద్ర లేవాలంటే, చాలావాటికి ఫర్మ్‌వేర్ అనే మూట ఒకటి లోపలికి పంపాలి. ఆ ముడి విప్పే వీల్లేదు. విప్పనియ్యని మూటను లినక్సప్ప గడప దాటనివ్వడు.

మడి ఇక్కడే మొదలవుతుంది. ఆ మూటనే ఫ్యాక్టరీలో చిప్పులోనే నింపి పంపారనుకోండి, దోషం లేదు. "అది సాఫ్ట్‌వేర్ కిందికి రాదప్పా, సర్క్యూట్ లెక్క." ఇది ఆయన సొంత కవిత్వం కాదు, స్టాల్‌మన్ 1985లో పెట్టిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ మాట కూడా దాదాపు ఇదే. అదే మూట హార్డ్‌డిస్కులోంచి చిప్పులోకి పోతే మైల! అక్షరం తేడా లేదు, వచ్చిన దారే తేడా. మా అవ్వకు బాయి నీళ్ళు మడి, కొళాయి నీళ్ళు మైల. రెండూ కేసీ కాలువ నీళ్ళేనని ఆమెకు చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

2023 జూన్ 10న లినక్సప్ప సంగటి ముట్టలేదు. ఆ రోజు లినక్స్‌లో ఒక రకమైన డెబియన్ 12 వచ్చింది. ముందటేడు ఓట్లు వేసుకుని మరీ, డెబియన్‌వాళ్ళు ఫర్మ్‌వేర్ మూటలను అధికారిక ఇన్‌స్టాలర్‌లోకే ఎక్కించారు. అంతకుముందు ఆ మూటలున్న అనధికార ఇన్‌స్టాలర్ వేరే మూల దొరికేది. ఆ మూల ఎక్కడుందో తెలియనట్టే మాట్లాడేవాడు లినక్సప్ప. రెండో పెన్‌డ్రైవులో ఏళ్ళ తరబడి ఉన్నది అదే.

ఆయనకు కడపలో ఒక బావ ఉన్నాడు. కంప్యూటర్లు బిగించి అమ్ముతాడు. ఇద్దరూ ఒకే బస్సెక్కితే నంద్యాల్లో మొదలైన వాదం ఆళ్ళగడ్డ దాటి మైదుకూరు దాకా పోతుంది. 2012లో ఫిన్లాండ్ ఆల్టో విశ్వవిద్యాలయంలో లినక్స్ పుట్టించిన లినస్ టోర్వాల్డ్స్ గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియాను తిడుతూ మధ్యవేలు చూపించిన ఘట్టం వచ్చినప్పుడు లినక్సప్ప వేలు కూడా ఎత్తుతాడు. స్టాపు అడుగుతున్నాడనుకుని కండక్టరు విజిలేస్తాడు. పదేళ్ళకు, 2022 మేలో, అదే ఎన్విడియా కెర్నల్ డ్రైవర్ల సోర్స్ కోడ్ బయటపెట్టింది. లినక్సప్ప జిలేబీలు పంచాడు. పంచాక తెలిసింది, డ్రైవరు చేసే పని చాలావరకు కార్డు లోపలి ఫర్మ్‌వేర్‌లోకి మారిపోయిందని, ఆ ఫర్మ్‌వేర్ మళ్ళీ మూటేనని.

"చూడనియ్యనిదాన్ని ఎట్ల నమ్మేది బావా?"

"నీ ఫోన్ మోడెం లోపల ఏముండాదో జూసినావా బావా?"

లినక్సప్ప కిటికీలోంచి పసుపుచేలను చూస్తాడు. ఒళ్ళో ఉన్న మడి ల్యాప్‌టాపుకు అప్పటికే ఆ ఫోనునుంచి కేబులు వేలాడుతూ ఉంటుంది, నెట్టు కోసం.

నవ్వడం సులువే గాని, ఆయన భయం ఊరికే పుట్టలేదు. మూటలో లోపం బయటపడి, కంపెనీవాడు ఆ చిప్పును వదిలేసి ఉంటే, సరిచేసే వీలు ఇంకెవరికీ ఉండదు. చిప్పు నీదే, డబ్బు నీదే, తాళంచెవి మాత్రం నీది కాదు. ఈ మాట బావ కూడా కాదనడు. కాకపోతే ఆయన షాపుకొచ్చేవాళ్ళకు సాయంత్రానికల్లా వైఫై కావాలి.

ఇక కర్నూలు కలెక్టరేటు దగ్గరి జిరాక్స్ షాపు కథ. పాత కంప్యూటరుకు లినక్స్ ఎక్కించి, లినక్సప్ప ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమ చరిత్ర అందుకున్నాడు. "అసలు ఇదంతా పుట్టిందే జిరాక్స్ మిషను కాడ!" 1980 ప్రాంతంలో ఎంఐటీ ల్యాబుకు జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటరు వచ్చింది. కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురందేలా ప్రోగ్రాము మార్చాలనుకున్నాడు స్టాల్‌మన్. సోర్స్ కోడ్ అడిగితే ఇచ్చేది లేదన్నారు. ఆ మంట ఆరక, అందరూ విప్పి చూసుకోగల సాఫ్ట్‌వేర్ కోసం 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. షాపాయన అంతా విని, "పాపం, ఆ మిషను ఆయప్పకు చివరికన్నా పనిచేసిందా?" అన్నాడు.

ఆయన బాధ ఆయనది. కొన్ని చౌకరకం లేజర్ ప్రింటర్లకు ఫర్మ్‌వేర్ దాచుకునే చోటుండదు. కరెంటు పోతే మరిచిపోతాయి, వచ్చాక కంప్యూటరే మళ్ళీ మూట పంపాలి. షాపులోది ఆ జాతిది. ఎండాకాలం కర్నూల్లో కరెంటు ఎన్నిసార్లు పోతుందో చెప్పాల్నా? పోయి వచ్చిన ప్రతిసారీ ఒక మైల. వన్‌బీలు, అడంగళ్ళు పట్టుకోవాల్సిన రైతులు బయట వరసలో.

లినక్సప్ప ఆ పూట ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. రాత్రికి రాత్రి చిన్న ప్రోగ్రాము రాసి తెచ్చాడు. కరెంటు రాగానే మూట దానంతట అదే ఎక్కుతుంది. మూట పెట్టిన ఫోల్డరుకు మాత్రం 'పాపం' అని పేరు పెట్టాడు. ఎక్కినంతసేపూ ఆ పేరు తెరమీద కనబడుతూనే ఉంటుంది. వరసలోవాళ్ళు తొందరపెడితే షాపాయన తలెత్తకుండానే చెబుతాడు:

"రవ్వంతసేపు ఉండప్పా, పాపం ఎక్కనీ!"