దోమకొక అణా

మా చిల్కూరుకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వీసా రావాలని బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, వచ్చాక 108 చేసి మొక్కు తీర్చుకుని విమానం ఎక్కుతారు. ఊళ్లోనే ఉన్న మేం మాత్రం 288డి బస్సెక్కి మెహిదీపట్నం దాకా పోయి, చీకటి పడేలోపు తిరిగొస్తాం.

ఈసారి ఆ బస్సు సైన్సు కోసం ఎక్కాలనిపించింది. ఆగస్టు 20 ప్రపంచ దోమల దినం. లోకమంతా జరుపుకునే ఈ దినానికి పుట్టిల్లు మన జంట నగరాలే. 1897లో సరిగ్గా ఆ రోజున, సికింద్రాబాద్‌లో సైనిక డాక్టరుగా ఉన్న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. 1902లో నోబెల్ అందుకున్నాడు. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఉంది, ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల చేతిలో. దోమల దినానికి అక్కడ ఫొటోలు, పటాలు, మైక్రోస్కోపులు పెడుతున్నారని విని, మా బిడ్డను, మొయినాబాద్‌లో ఉండే మా అక్క కొడుకును బడి మాన్పించి మరీ బయలుదేరదీశాను.

అల్లుడు 7 నంబరు జెర్సీ వేసుకుని వచ్చాడు. పిల్లల బట్టల గురించి మాట్లాడకూడదని ఊరుకున్నాను. లంగర్‌హౌస్ దాటాక మెల్లగా అడిగాడు: "మామా, రొనాల్డో నిజంగనే బేగంపేటల ఉండెనా?"

నిజం చెప్పాక మెహిదీపట్నం దాకా వాడు కిటికీలోంచే చూశాడు.

బేగంపేట భవనం లోపలికి వెళ్లగానే, ముందురోజు రాత్రి చదివి పెట్టుకున్నదంతా విప్పాను. రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. బొమ్మలు, పద్యాలు, సంగీతం అంటే ప్రాణం. వైద్యం చదవమని పట్టుబట్టింది సైన్యంలో పెద్ద హోదాలో ఉన్న తండ్రి. స్ఫూర్తి కలుగుతుందని చెప్పిన మాట ఇది. మా బిడ్డ నా మొహం వైపు చూసి, "అంటే ఆయనను గూడ వాళ్ల డాడీనే బలవంతం చేసిండన్నట్టు" అంది. చప్పున ప్రయోగం దగ్గరికి నడిపించాను.

ప్రయోగం నిజంగా తెలివైనది. బయట ఎగిరే దోమను పట్టి కోస్తే, అది ఎవరెవరిని కుట్టి వచ్చిందో ఏం తెలుస్తుంది? అందుకని రాస్ నీళ్లలోని పిల్ల పురుగులను తెచ్చి పెంచాడు. అవి రెక్కలొచ్చి దోమలయ్యాక మలేరియా రోగిని కుట్టించాడు. ఇక పొట్టలో ఏం కనబడినా అది ఆ రోగి రక్తంతో వచ్చిందే. మనం దోమలు రాకుండా తెర కట్టుకుంటాం. ఆయన రోగిని తెరలో పడుకోబెట్టి దోమలను లోపల వదిలాడు. ఆ రోగి పేరు హుస్సేన్ ఖాన్. పది దోమలు కుట్టినందుకు దోమకొక అణా చొప్పున పది అణాలు ఇచ్చాడు.

నేను ఇక్కడ ఆగకుండా ముందుకు పోవాల్సింది. అల్లుడు ఆగిపోయాడు.

"కుట్టించుకుంటే పైసలిస్తరా?"

అణా అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. రూపాయిలో పదహారో వంతు, ఆరుంబావు పైసలు. మా బిడ్డ వేళ్లు మడవడం మొదలుపెట్టింది. గండిపేట నీళ్ల గాలి తగిలే ఊరు మాది. సాయంత్రం ఆరు దాటితే వాకిట్లో కూర్చున్నవాడు ఒక చేత్తో మాట్లాడి రెండో చేత్తో కొట్టుకుంటూ ఉండాలి. లెక్క ఎటు పోతోందో నాకు అర్థమైంది.

మాట మార్చడానికి రాస్ కష్టాలు ఎత్తుకున్నాను. ఆగస్టు ఉక్కలో పంకా ఊపనివ్వలేదు, ఊపితే కోసి పెట్టిన దోమలు ఎగిరిపోతాయి. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. దాని కంటి అద్దం పగిలింది. రెండేళ్ల కిందటి నుంచి ఇదే పని. మా గుళ్లో భక్తులు కార్డు మీద గడి గడికీ టిక్కు పెట్టుకుంటూ తిరిగినట్టు, ఆయన దోమ తర్వాత దోమ కోస్తూ పోయాడు. ఎన్ని కోస్తే మొక్కు తీరుతుందో మాత్రం ఆయన కార్డు మీద రాసి లేదు. చివరికి హుస్సేన్ ఖాన్‌ను కుట్టిన నాలుగో రోజున, మచ్చల రెక్కల దోమ పొట్ట గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు కనబడ్డాయి. మర్నాడు మరో దోమను కోస్తే ఆ కణాలు ఇంకా పెద్దవయ్యాయి. పెరుగుతున్నాయంటే ప్రాణమున్నవే. ఆ సంతోషంలో పద్యం రాశాడు.

"దోమ మీద పద్యమా?" అన్నాడు అల్లుడు, మొదటిసారి గౌరవంగా.

తర్వాత కథ సర్కారు కొలువు చేసే నావంటి వాడికి కళ్లు చెమర్చే ఘట్టం. ఇంతటి సంగతి కనిపెట్టిన మనిషిని నెల తిరిగేసరికి రాజస్థాన్‌లోని ఖేర్వాడాకు ట్రాన్స్‌ఫర్ చేశారు. మిగతా సగం, అంటే దోమ ఉమ్మి గ్రంథుల్లోంచి క్రిమి ఒంట్లోకి ఎలా వెళ్తుందన్నది, 1898లో కలకత్తాలో పిట్టల మీద తేల్చాడు. నోబెల్ వచ్చేవాడికైనా బదిలీ తప్పదని పిల్లలకు చెప్పాను. వాళ్లకు పట్టలేదు. నాకే పట్టింది.

పటం దగ్గర నిలబడ్డ విద్యార్థిని చక్కగా చెప్పింది. కుట్టేది ఆడ దోమే, గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. "మరి నాన్న దోమ ఏం చేస్తది?" అంది మా బిడ్డ. పూల రసం తాగి తిరుగుతుందట. "అంటే ఇంట్ల ఏం పనిజెయ్యదు" అని మా అల్లుడికి విడమరిచి చెప్పింది. వాడు నన్ను చూశాడు.

హుస్సేన్ ఖాన్ ఫొటో ఏదని ఇద్దరూ గోడలన్నీ వెతికారు. రాస్ గడ్డం, మీసం, కోటు దొరికాయి గానీ ఖాన్ సాబ్ మాకు దొరకలేదు. దోమను కోసినాయన పేరు నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి కూడా పెట్టారు. జనం దాన్ని కోరంటి దవాఖానా అనే అంటారు, అది వేరే సంగతి. కుట్టించుకున్నాయనకు పది అణాలు. పిల్లల న్యాయం ఇక్కడ గట్టిగా ఉంది. నేనూ ఒప్పుకుంటాను.

ఒప్పుకోవడం ఇంటికొచ్చాక ఖరీదైంది. రాత్రి అన్నాల దగ్గర నోటుపుస్తకంలో బిల్లు వచ్చింది. హుస్సేన్ ఖాన్‌కు జ్వరం ఉంది, మీకు లేదు, జ్వరం లేని రక్తానికి ప్రయోగంలో విలువ లేదని వాదించాను. "జ్వరం లేని రక్తం ఫ్రెష్ గదా డాడీ, రేటు ఇంకా ఎక్కువుండాలె" అంది బిడ్డ. పైగా అది 1897 నాటి రేటని, ఇప్పుడు దోమకు పది రూపాయలని అల్లుడు సవరించాడు. మా ఆవిడ తీర్పు చెప్పకుండా నవ్వింది, అంటే వాళ్ల పక్షమే.

దానికన్నా పెద్ద ప్రమాదం వాళ్లు నేర్చుకొచ్చిన విద్య. మలేరియా మోసే అనాఫిలిస్ దోమ తోక పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ ఒంటికి సమాంతరంగా కూర్చుంటుంది. డెంగీ దోమకు తెల్ల చారలు, పగలే కుడుతుంది. ఇప్పుడు నా చెంప మీద దోమ వాలితే కొట్టుకునే హక్కు నాకు లేదు. "కదలకు మామా, తోక చూడనీ!" అని ఒకరు, టార్చి తెమ్మని ఒకరు. జాతి తేలేలోపు అది కడుపు నింపుకుని లేచిపోతుంది.

ఒక లాభం ఉంది. శుక్రవారం వస్తే ఇద్దరూ కలిసి కూలరు, డ్రమ్ము, పూలకుండీల కింది పళ్లేలు, పెరట్లోని కొబ్బరి చిప్పలు అన్నీ బోర్లిస్తున్నారు. పిల్ల పురుగు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు కాబట్టి వారానికోసారి ఒంపేస్తే సరిపోతుంది. ఆ పనికి కూడా కూలి అడుగుతున్నారు.

మీరూ పిల్లల్ని బేగంపేట తీసుకెళ్లండి, తప్పకుండా చూడాల్సిన చోటు. హుస్సేన్ ఖాన్ సంగతి వచ్చేముందు మాత్రం దోమకింత అని రేటు మాట్లాడి పెట్టుకోండి.