రానివ్వం గానీ, పోతే అడగం

మన దేశంలో కాస్త పేరున్న ప్రతి ఆఫీసులోనూ ఒక సర్వర్ గది, అందులో ఒక ఫైర్‌వాల్ ఉంటాయి. ఆయుధపూజ నాడు ఆ ఫైర్‌వాల్‌కి పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, గది గడప దగ్గర గుమ్మడికాయ పగలగొడతారు. మళ్లీ దసరా వచ్చేదాకా దాని జోలికి పోయేవాడు ఉండడు. "మాకు ఫైర్‌వాల్ ఉందండీ, బయటివాడెవడూ లోపలికి రాలేడు" అన్న మాట నేను విన్నన్నిసార్లు సత్యనారాయణ వ్రతకథ కూడా విని ఉండను.

ఆ మాటలో అబద్ధం లేదు, అదే దాని గొప్పతనం. బయటివాడు నిజంగానే లోపలికి రాడు. ఆ అవసరం అతనికి తీరిపోయి చాలా కాలమైంది. లోపలున్న సర్వరే లేచి వెళ్లి అతన్ని కలుసుకుంటుంది. ఈ ఏర్పాటునే, యజమాని అనుమతితో దాడి చేసి లోపాలు వెతికే మా పెన్‌టెస్టర్లు రివర్స్ షెల్ అంటారు.

వెనకటికి పద్ధతి వేరు. దాడి చేసేవాడు సర్వర్‌లో ఏదో లోపం పట్టుకుని, దానిచేత ఒక పోర్ట్ తెరిపించి, బయటినుంచి ఆ పోర్ట్‌కి కనెక్టయ్యేవాడు. ఫైర్‌వాల్ వచ్చాక ఆ పప్పులు ఉడకలేదు. ప్రైవేటు ఐపీతో, అడ్రసులు మార్చిపెట్టే నాట్ వెనక దాగిన యంత్రానికైతే బయటినుంచి పట్టుకోవడానికి అడ్రసే దొరకదు. దాంతో తంతు తిరగేశారు. ఇప్పుడతను తన దగ్గరే పోర్ట్ తెరిచి, కాఫీ పెట్టుకుని కూర్చుంటాడు. లోపలి సర్వర్ చేత తనకు కనెక్షన్ పెట్టించుకుంటాడు. అదీ ఎక్కువగా 443 పోర్ట్ మీద, అంటే మనం బ్యాంకు వెబ్‌సైట్ తెరిచినప్పుడు పోయే దారినే. కనెక్షన్ కలిసిన మరుక్షణం సర్వర్ తన కమాండ్ ప్రాంప్ట్ తెచ్చి అతని చేతిలో పెడుతుంది. అతను అక్కణ్నుంచి టైపు చేస్తుంటే ఇది ఇక్కడ చేసిపెట్టి, ఫలితం పంపుతుంది. ఫైర్‌వాల్ లెక్కలో ఇది మనవాడు మొదలుపెట్టిన సంభాషణ. మనవాడు పలకరించాడు, అవతలివాడు బదులిస్తున్నాడు, మధ్యలో నేనెవర్ని అనుకుని ఊరుకుంటుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఈశ్వరుడి దాకా పోనక్కర్లేదు, పట్టొద్దని మనమే రూల్ రాసిచ్చాం.

నిజానికి చాలాచోట్ల ఆ రూల్ రాసే శ్రమ కూడా మనది కాదు, పెట్టెతోపాటే వస్తుంది. సిస్కో ఏఎస్ఏ అనే ఫైర్‌వాల్‌లో లోపలి వైపు భద్రతా స్థాయి 100, బయటి వైపు 0. మనం వేరే చెప్పకపోతే ఎక్కువ నుంచి తక్కువకు దిగే ట్రాఫిక్‌ను అది సాగనంపుతుంది. అమెజాన్ క్లౌడ్‌లో కొత్తగా సెక్యూరిటీ గ్రూప్ తయారుచేస్తే లోపలికి ఏదీ రావడానికి లేదు, బయటికి ఏదైనా పోవచ్చు. కొన్నవాడు మొదటిరోజే ఫోన్ చేసి "మీ డబ్బా పెట్టాక నెట్ రావట్లేదండీ" అనకుండా ఉండాలంటే అమ్మేవాడికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. మొదటిరోజు సౌకర్యం కోసం పెట్టిన ఏర్పాటు పదో ఏడు దాకా అలాగే ఉండిపోవడంలో మాత్రం వాళ్ల తప్పేమీ లేదు.

1990లలో హాబిట్ అనే మారుపేరుతో ఒకాయన నెట్‌క్యాట్ అనే చిన్న పనిముట్టు రాశాడు. కనెక్షన్ కలవగానే అవతలివాడికి షెల్ అప్పగించే సౌకర్యం అందులో ఉంది. అది కావాలనుకున్నవాళ్లు ప్రోగ్రామ్‌ను కంపైల్ చేసేటప్పుడు ప్రత్యేకంగా ఒక ఆప్షన్ పెట్టాలి. ఆ ఆప్షన్‌కి ఆయన పెట్టిన పేరు 'గేపింగ్ సెక్యూరిటీ హోల్'. తాను ఇస్తున్నది ఏమిటో డబ్బా మీదే రాసిచ్చిన మహానుభావుడు. ఆ నిజాయితీలో పదో వంతు మన ఫైర్‌వాల్ బ్రోచర్లలో ఉన్నా చాలు, నాకీ వ్యాసం తప్పేది.

ఒక సంస్థలో టెస్టింగ్ ముగిసి, రిపోర్ట్ ముందేసుకుని కూర్చున్నాం. పేరెందుకు లెండి, మీది కాదనుకోండి. ప్రొజెక్టర్ తెర మీద ఫైర్‌వాల్ రూళ్ల జాబితా వేశారు. బయటికి పోయే రూళ్లలో అన్నిటికన్నా పైన ఒకటుంది. సోర్స్ ఎనీ, డెస్టినేషన్ ఎనీ, సర్వీస్ ఎనీ, యాక్షన్ అలౌ. పక్కన కామెంట్: 'టెంపరరీ, వెండర్ వర్క్, డు నాట్ డిలీట్'. దాని కింద ఎంతో శ్రద్ధగా రాసిన రూళ్లు బారులు తీరి ఉన్నాయి. ఏ సర్వర్ ఎక్కడికి పోవచ్చో, ఏ పోర్ట్ మీద పోవచ్చో, ముత్యాల్లాంటి రూళ్లు. ఒక్కదానికీ హిట్ కౌంట్ సున్నా దాటలేదు. ఎలా దాటుతుంది? పైనున్న పెద్దాయన వచ్చినవాళ్లందర్నీ ముందే పంపించేస్తున్నాడు.

"ఇది తీసేయొచ్చు కదా సార్?" అన్నాను నెట్‌వర్క్ ఇన్‌చార్జి గారితో.

"అమ్మో, తీస్తే ఏది ఆగిపోతుందో ఎవరికి తెలుసు బాబూ."

"ఏది పోతోందో లాగ్‌లో కనిపిస్తుంది కదండీ."

"లాగ్ ఆన్ చేస్తే డిస్క్ నిండిపోతోందని ఆపించాం."

"పోనీ ఆ వెండర్ని అడిగితే?"

"ఆ కాంట్రాక్ట్ ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు వాళ్ల ఫోన్లు కూడా మారిపోయాయి."

ఇంతలో జనరల్ మేనేజర్ గారు కల్పించుకున్నారు. "అవన్నీ సరే. ముందు ఇది చెప్పండి, అసలు మీరు ఫైర్‌వాల్ దాటి లోపలికి ఎలా వచ్చారు?" మేం దాటలేదు సార్, మీ సర్వరే మా దగ్గరికి వచ్చింది అన్నాను. ఆయన ముఖం వికసించింది. "అంటే ఫైర్‌వాల్‌ని దాటలేకపోయారన్నమాట!" మర్నాడు వచ్చిన మినిట్స్‌లో ఒక వాక్యం: 'బయటినుంచి ఫైర్‌వాల్‌ను ఛేదించలేకపోయినట్టు టెస్టర్లు ధ్రువీకరించారు'. కాదనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

చిన్న ఆఫీసుల సంగతి వదిలేయండి, అమెరికా సర్కారు దగ్గరికి పోదాం. సోలార్‌విండ్స్ కంపెనీ నెట్‌వర్క్‌లను పర్యవేక్షించే ఒరాయన్ అనే సాఫ్ట్‌వేర్ అమ్మేది. 2020లో దాని అప్‌డేట్‌లోనే దొంగ కోడ్ చేరి, ఆ సర్కారు శాఖలతో సహా సుమారు 18,000 మంది కస్టమర్ల దాకా వెళ్లింది. కంపెనీ సంతకంతో, సరైన దారిలో, స్వాగత సత్కారాలతో లోపలికి వచ్చింది కాబట్టి గేటు దగ్గర ఆపే ప్రశ్నే లేదు. వచ్చాక రెండు వారాల దాకా నోరు మెదపకుండా పడుకుంది. ఆ తర్వాత నెమ్మదిగా బయటికి పలకరింపు పంపి, యజమాని ఆజ్ఞల కోసం ఎదురుచూసింది. రివర్స్ షెల్ కన్నా ఎంతో నాజూకైన సరుకే గానీ వంశం ఒకటే: లోపలివాడు బయటివాడికి ఫోన్ చేయాలి. ఆ ఏడాది డిసెంబర్‌లో దీన్ని బయటపెట్టింది ఫైర్‌ఐ అనే భద్రతా కంపెనీ. అదీ తమ సొంత పెన్‌టెస్టింగ్ పనిముట్లు దొంగల పాలయ్యాక.

మరుసటి ఏడాది సెనేటర్ రాన్ వైడెన్ ఆ దేశపు సైబర్ భద్రతా సంస్థ సీసాకు ఒక లేఖ రాసి, చాలా మొరటు ప్రశ్న వేశాడు. ఆ సర్వర్ల నుంచి బయటికి పోయే కనెక్షన్లను ఫైర్‌వాల్‌తో ఆపి ఉంటే ఈ దాడి సాగేదా? 2021 జూన్‌లో సీసా జవాబిచ్చింది. ఆపి ఉంటే ఆ మాల్‌వేర్ నిర్వీర్యమయ్యేదని ఒప్పుకుంది, అలా ఆపినచోట్ల దాడి ముందుకు సాగలేదని కూడా చెప్పింది. వెంటనే, కొన్ని సంస్థలకు వాటి పని అవసరాల రీత్యా ఇది ఆచరణ సాధ్యం కాదనీ జోడించింది. మందు పనిచేస్తుంది, కానీ వేసుకోవడం కుదరదు. ప్రపంచంలో అత్యంత ఖరీదైన భద్రతా యంత్రాంగమూ, మన ఇన్‌చార్జి గారూ ఒకే గురువు దగ్గర చదివినట్టున్నారు.

మన దేశం వెనకబడిందనుకునేరు. 2019 అక్టోబర్ 29న కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం ఒక ప్రకటన విడుదల చేసింది. కేంద్రం నియంత్రణ వ్యవస్థలు దేనికవే విడిగా ఉన్నాయి, ఇంటర్నెట్‌తో సంబంధం లేదు, వాటిపై సైబర్ దాడి సాధ్యమే కాదు అని అందులో ఉంది. మర్నాడు దాని మాతృసంస్థ అణు విద్యుత్ కార్పొరేషన్ ఇంకో ప్రకటన ఇచ్చింది. తమ వ్యవస్థలో మాల్‌వేర్ దొరికిన మాట వాస్తవమే, సెప్టెంబర్ 4నే దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ తమకు చెప్పింది, అయితే అది పరిపాలన పనులకు వాడే ఇంటర్నెట్ కనెక్షన్ ఉన్న కంప్యూటర్‌లో మాత్రమే అన్నది దాని సారం. రియాక్టర్ జోలికి ఏదీ పోలేదు, సంతోషం. మొదటి ప్రకటనలో అబద్ధం వెతికినా దొరకదు. అడిగినదానికి కాక అడగనిదానికి జవాబు చెప్పడమనే కళను మనవాళ్లు ఆ ఒక్క పేజీలో పరాకాష్ఠకు తీసుకుపోయారు.

హైదరాబాద్ ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కథ ఇంకా దగ్గరిది. 2022 జనవరిలో ఒక వారాంతంలో సుమారు 12 కోట్ల రూపాయలు మాయమయ్యాయి. అంతకు రెండు నెలల ముందు, నవంబర్‌లో, ఉద్యోగులకు 200కు పైగా ఫిషింగ్ మెయిళ్లు వచ్చాయని, వాటిని తెరిచినవాళ్ల కంప్యూటర్లలో దూరం నుంచి నడిపే ట్రోజన్ దిగిందని పోలీసులు తేల్చారు. భద్రతా ఏర్పాట్లు సరిగ్గా లేవంటూ తలంటారు కూడా. 2023లో రిజర్వ్ బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది. అలాంటి ట్రోజన్ ఏదైనా యజమానికి కబురు పంపాలంటే బయటికే పోవాలి. గుమాస్తా కంప్యూటర్ రోజూ తెలియని చోటికి ఎందుకు పోయి వస్తోందని అడిగేవాడు ఒక్కడుంటే చాలు. ఆ ఉద్యోగానికి మన సంస్థల్లో పోస్టు మంజూరు కాలేదు.

జావా ప్రోగ్రాములకు లాగ్ రాసిపెట్టే లాగ్‌ఫోర్‌జే మాట చెప్పకుండా పోతే జావావాళ్లు నొచ్చుకుంటారు. 2021 డిసెంబర్‌లో ప్రపంచం సగం నిద్ర చెడగొట్టిన ఆ లోపానికి పదికి పది మార్కులు పడ్డాయి. బయటినుంచి వచ్చిన ఒక వాక్యాన్ని లాగ్‌లో రాసుకోబోయి, సర్వర్ ఆ వాక్యంలో ఉన్న అడ్రసుకు తానే వెళ్లి, అక్కడిచ్చిన కోడ్‌ను తెచ్చుకుని నడిపేది. మళ్లీ అదే, బయటికి పోవడం. ప్యాచ్ వేయడానికి సెలవులు రద్దు చేసుకుని రాత్రుళ్లు కూర్చున్నవాళ్లను చాలామందినే చూశాం. అసలు ఈ సర్వర్ బయటికి ఎందుకు పోవాలి అని ఆ రాత్రి అడిగినవాళ్లు తక్కువ.

మా కులం వాళ్లను వదిలిపెడితే పక్షపాతం అంటారు. సగటు పెన్‌టెస్టర్‌కి షెల్ దొరకగానే చేసే మొదటి పని 'హూ యామ్ ఐ' అని టైపు చేయడం. పరకాయ ప్రవేశం చేశాక తానెవరో తెలుసుకోవాలి కదా. రెండో పని స్క్రీన్‌షాట్. ఆ స్క్రీన్‌షాట్‌కు ఎర్ర చుట్టు చుట్టి 'క్రిటికల్' అని రాస్తాడు. క్లయింటు దాన్నే చూసి బెంబేలెత్తి, ఆ ఒక్క లోపానికి ప్యాచ్ వేసి, పీడ విరగడైందనుకుంటాడు. బయటికి పోయే ట్రాఫిక్‌ను నియంత్రించండి అన్న అసలు సలహా ఎక్కడో చివరి పేజీల్లో 'మీడియం' కింద, బలహీనమైన పాస్‌వర్డ్ పాలసీకీ, పాతబడ్డ టీఎల్ఎస్‌కీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. అక్కడి దాకా చదివినవాళ్లను నేనింకా కలవలేదు. మేం వాడే మెటాస్ప్లాయిట్ అనే పనిముట్టులో షెల్ తిరిగి వచ్చే పోర్ట్ ముందే 4444 అని పెట్టి ఉంటుంది. అమీర్‌పేటలో ఎథికల్ హ్యాకింగ్ కోర్సుకు చేరిన కుర్రాడికి కూడా తెలిసిన నంబర్ అది. దాన్ని మార్చడానికి కూడా బద్ధకించిన టెస్టర్‌కి సైతం షెల్ వచ్చేస్తోందంటే, మనం ఎవర్ని మెచ్చుకోవాలో తెలియదు.

"అన్నీ మూసేస్తే పని ఎలా జరుగుతుందండీ?" అన్నది వెంటనే వచ్చే ఆక్షేపణ. అందులో న్యాయం లేకపోలేదు. ఉద్యోగి ల్యాప్‌టాప్‌కి వెబ్ కావాలి. మొండి దొంగ మనం తెరిచి ఉంచక తప్పని దారుల్లోనే, చివరికి డీఎన్ఎస్ ప్రశ్నల్లో కూడా, తన మాటలు కుక్కి పంపగలడు. కానీ నేనడుగుతున్నది ల్యాప్‌టాప్ గురించి కాదు. జీతాల డేటాబేస్ ఉన్న సర్వర్‌కి ఇంటర్నెట్‌తో ఏం పని? వేలిముద్రల హాజరు యంత్రం, సీసీ కెమెరాల రికార్డర్ రాత్రి రెండు గంటలకు ఏ దేశంతో కబుర్లాడుతున్నాయి? సర్వర్‌కి అప్‌డేట్లు కావాలంటే ఆ నాలుగు అడ్రసులు రాసి, తక్కినవి మూసి, మూసినదాన్ని ఎవడైనా తడితే లాగ్‌లో పడేలా పెట్టడానికి కొత్త డబ్బా అక్కర్లేదు, టెండర్ అక్కర్లేదు. బహుశా చిక్కంతా అక్కడే ఉంది. టెండర్ అక్కర్లేని పనికి మన దగ్గర ఫైలు కదలదు.

ఆ మినిట్స్ రాసుకున్న సంస్థ మా రిపోర్ట్‌ను తేలిగ్గా మాత్రం తీసుకోలేదు. మరుసటి ఏడాది టెస్టింగ్‌కి పిలిచినప్పుడు పంపిన పరిధి పత్రంలో కొత్త షరతు కనిపించింది. టెస్టర్లు సంస్థ సర్వర్ల నుంచి బయటికి ఎలాంటి కనెక్షన్లూ పెట్టించరాదు, పెట్టిస్తే బిల్లు చెల్లించబడదు. కింద జనరల్ మేనేజర్ గారి సంతకం, స్టాంపు.