హైడ్రాలిక్ అన్నాక కారుతదట!

హైదరాబాద్–వరంగల్ రోడ్డు మీద స్టేషన్ ఘనపూర్ దగ్గర కిరాయి కోసం నిలబెట్టిన జేసీబీల కింద నేలను చూస్తే చాలు, యజమాని తత్వం తెలిసిపోతుంది. నల్ల మరక అరచేతి మందం ఉంటే బండి కొత్తది. చాటంత ఉంటే ఫైనాన్సు కిస్తీలు అయిపోయినట్టు. మరక మీద ఇసుక చల్లి ఉంటే యజమాని పరువు గల మనిషి. “ఇదేందన్నా, ఆయిల్ గిట్ల కారుతుంది?” అని ఎవరైనా అడిగితే ఆపరేటర్ దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధం: “హైడ్రాలిక్ అన్నాక కారుతది. కారుతలేదంటే లోపల ఆయిల్ లేనట్టు.”

ఈ సిద్ధాంతం ఎవరు కనిపెట్టారోగానీ జిల్లా హద్దులు దాటి పాకింది. మహబూబాబాద్ వడ్ల కల్లాల్లో ట్రాక్టర్ ట్రాలీలదీ ఇదే మతం. అటు రెండో ఘనపూర్‌లో, అంటే భూపాలపల్లి జిల్లా గణపురం మండలంలో, చెల్పూరు కరెంటు ప్లాంటు దారిన పోయే టిప్పర్లదీ ఇదే మతం. ఈ మతంలో పూజా విధానం చాలా సులువు. పొద్దున్నే ట్యాంకు మూత తీయడం, తగ్గినంత ఆయిల్ పోయడం, మూత పెట్టడం. సాయంత్రానికి పోసింది నేలపాలవుతుంది. మరునాడు మళ్లీ పూజ.

అదే గణపురంలో కాకతీయుల కాలం నాటి గణపసముద్రం చెరువు ఉంది. ఆ కట్టకు బుంగ పడితే బిందెలతో నీళ్లు మోసి చెరువు నింపుదామన్న మొనగాడు ఇన్ని వందల ఏళ్లలో పుట్టలేదు. బుంగ ఎక్కడుందో వెతికారు, పూడ్చారు. ఆ తెలివంతా జేసీబీ సీటు ఎక్కేసరికి ఎటు పోతుందో తెలియదు.

చుక్కే కదా అనే వాళ్ల కోసం చిన్న లెక్క. సుమారు ఇరవై చుక్కలైతే ఒక మిల్లీలీటరు. సెకనుకో చుక్క చొప్పున రోజంతా కారితే 86,400 చుక్కలు, అంటే 4.3 లీటర్లు. నిమిషానికి పది చుక్కలే పడ్డా రోజుకు 720 మిల్లీలీటర్లు. లీటరు 200 రూపాయలే అనుకున్నా మొదటి లీకు రోజుకు 860 రూపాయలు తాగుతుంది. చాయ్ మీద రెండు రూపాయలు పెంచారని హోటల్ మార్చిన యజమానే ఈ ఖర్చును నెలల తరబడి చిరునవ్వుతో భరిస్తాడు. పైగా “ఆయిల్ ఖర్చు బాగా పెరిగిందే” అని కిరాయి పెంచుతాడు. అంటే ఘనపూర్‌లో ఇంటి పునాది తవ్వించుకునే మనిషి తన మట్టికే కాదు, పక్కవాడి సీల్‌కు కూడా డబ్బు కడుతున్నాడు.

జేసీబీ వెనక తవ్వేటప్పుడు బండి ఊగకుండా నేలకు దిగే రెండు కాళ్లున్నాయే, మనవాళ్లు జాకీలంటారు, సరిగ్గా వాటి బంధువులే మోటార్‌హోమ్‌ల కింద నాలుగు మూలలా ఉంటాయి. మోటార్‌హోమ్ అంటే చక్రాల మీది ఇల్లు. అలాంటి బండి అనగానే తెలుగువాళ్లకు 1982 నాటి చైతన్యరథం గుర్తొస్తుంది. పాత షెవ్రొలే వ్యాన్‌ను మార్పించుకుని, హరికృష్ణ నడుపుతుంటే ఎన్టీ రామారావు రాష్ట్రమంతా తిరిగారు. ఇప్పుడు సినిమా షూటింగుల్లో కారవాన్లున్నాయి. అమెరికాలో ఉద్యోగాలు చేసే మన పిల్లలు వేసవిలో మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని, బియ్యం, పచ్చళ్లు సర్దుకుని యెల్లోస్టోన్ బయల్దేరతారు. అక్కడ బండి ఆపగానే చేసే మొదటి పని జాకీలు దించి ఇంటిని సమతలం చేయడం. అది సోకు కోసం కాదు. గ్యాస్ మీద కూడా నడిచే అమ్మోనియా ఫ్రిజ్ వంపుగా నిలబడితే సరిగా చల్లబడదు, ఎక్కువసేపు అలాగే నడిస్తే పాడైపోతుంది కూడా.

సముద్రాలు దాటినా మతం మారలేదు. అక్కడి భక్తుడు జాకీలు పూర్తిగా దించి, ట్యాంకు మూత తీసి, “అయ్యో, ఆయిల్ తగ్గిందే” అని నిండా పోస్తాడు. ట్యాంకులో తగ్గిన ఆయిల్ ఎక్కడికీ పోలేదు, జాకీ సిలిండర్లలో ఉంది. సెలవులు ముగిశాక జాకీలు ముడవగానే అది వెనక్కి వస్తుంది. ట్యాంకులో చోటుండదు, గాలి రంధ్రం లోంచి బయటికి పొంగుతుంది. “చూశావా, లీకు!” అని భక్తుడు భార్యకు చూపిస్తాడు. జాకీలన్నీ ముడిచాకే లెవెల్ చూడాలని తయారీదారుల పుస్తకాలు చెబుతాయి. పుస్తకం అద్దాల పెట్టెలో ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా భద్రంగా ఉంటుంది. ఘనపూర్‌లో ట్రాలీ లేపి పెట్టి ట్యాంకు నింపే వీరుడిదీ ఇదే లీల. లేని లీకును పుట్టించగల శక్తి ఈ రెండు ఖండాల భక్తులకూ సమానంగా ఉంది.

ఇక వైద్యం సంగతి. మొదటి మందు స్పానర్. “టైట్ జేస్తే అయిపాయె.” హైడ్రాలిక్ పైపుల ఫిట్టింగులు చాలావాటిలో లీకును ఆపేది మరలు కాదు, శంకువు ఆకారంలో ఉన్న లోహపు ముఖం, లేదా ఓ-రింగ్ అనే రబ్బరు చుట్టు. స్పానర్‌కు ఇనప పైపు తొడిగి బలమంతా చూపిస్తే ఆ ముఖమే పగులుతుంది. నిన్నటి దాకా చెమర్చిన ఫిట్టింగు నేడు చిమ్ముతుంది.

రెండో మందు నల్లా రిపేరు నుంచి అరువు తెచ్చిన తెల్ల టేపు. మరల మీద సీలే లేనప్పుడు అక్కడ టేపు చుట్టి ఏం లాభం? లాభం లేదు, నష్టం మాత్రం ఉంది. టేపు పీలికలు తెగి ఆయిల్‌తో పాటు ప్రయాణించి వాల్వులో ఇరుక్కుంటాయి. వాల్వు పూర్తిగా మూసుకోదు. అప్పటి నుంచి జాకీ తనంతట తాను దిగిపోతుంటుంది.

మూడోది ఎం-సీల్ ముద్ద, దాని మీద ట్యూబ్ రబ్బరు పట్టీ. కారు టైరులో గాలి పీడనం రెండు బార్ల పైచిలుకు. జేసీబీ హైడ్రాలిక్స్‌లో అది 200 బార్లు దాటుతుంది. వంద రెట్ల పీడనాన్ని వేళ్లతో నొక్కిన ముద్ద ఆపుతుందని నమ్మడానికి గట్టి గుండె కావాలి.

నాలుగోది అన్నిటికంటే సాహసం: చేతికందింది పోయడం. ఆయిల్ అయిపోయింది, షాపు దూరం, డాష్‌బోర్డులో బ్రేక్ ఆయిల్ డబ్బా ఉంది, పోసేయ్! మామూలు బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ జాతిది, హైడ్రాలిక్ ఆయిల్ పెట్రోలియం జాతిది. హైడ్రాలిక్ సిలిండర్లలోని నైట్రైల్ రబ్బరు సీళ్లు బ్రేక్ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. బ్రేకుల్లోని రబ్బరుకు పెట్రోలియం ఆయిల్ పడదు. ఒకచోట లీకు ఆపబోయి బండిలోని సీళ్లన్నిటికీ ఒకేసారి పదవీ విరమణ ఇప్పించే పథకం ఇది. అమెరికాలో దీనికి కాస్త నాజూకు రూపముంది, లీకు ఆపుతానని చెప్పే సీసా మందు. అది ముసలి సీల్‌ను కొంచెం ఉబ్బిస్తుంది. రాడ్ మీద పడ్డ గీతను మాత్రం చెరపలేదు.

అసలు దోషి చాలాసార్లు ఆ గీతే. జాకీ లోపలి నుంచి వచ్చే మెరిసే రాడ్‌కు క్రోమ్ పూత ఉంటుంది. బండిని నెలల తరబడి జాకీలు చాచి వానకు వదిలేస్తే పూతలో తుప్పు గుంటలు పడతాయి. మట్టి, కంకర దుమ్ము అంటిన రాడ్‌ను తుడవకుండా ముడిస్తే గీతలు పడతాయి. ఆ గీతలు ప్రతి రాకపోకలోనూ సీల్‌ను కోస్తాయి. మెకానిక్ కొత్త సీల్ వేస్తాడు, రాడ్ ముట్టుకోడు; నెలకే మళ్లీ తడి. “డూప్లికేట్ సీల్ అంటగట్టిండు” అని షాపువాడికి తిట్లు.

లీకు ఎక్కడో తెలుసుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. ముందు డీజిల్ గుడ్డతో మొత్తం తుడిచి ఆరనివ్వాలి. తర్వాత బండి నడిపి, తడి మొదట ఎక్కడ కనిపించిందో చూడాలి. ఆయిల్ కిందికి జారుతుంది కాబట్టి చుక్క పడే చోటు కాదు, తడిసిన చోట్లలో అన్నిటికంటే పైనున్నది దోషి. కానీ మన పద్ధతిలో మొదట మారేది చుక్క రాలే పైపు. పాపం, దాని నేరమల్లా అందరికంటే కింద ఉండటమే.

నేల పొడిగా ఉండి కూడా జాకీ దిగుతుంటే సిద్ధాంతకర్త నోరు పడిపోతుంది. కారలేదు, అయినా దిగింది! పిస్టన్ సీల్ అరిగి ఆయిల్ లోలోపలే ఒక గది నుంచి ఇంకో గదికి పోతుండవచ్చు, లేదా ఆయిల్‌ను ఆపి ఉంచే చెక్ వాల్వులో చెత్త ఇరుక్కుని ఉండవచ్చు. ఒక్కోసారి ఏ తప్పూ ఉండదు. ఆయిల్ వేడి 10 డిగ్రీలు తగ్గితే దాని పరిమాణం సుమారు 0.7 శాతం కుంచించుకుంటుంది. ఎండలో సమతలం చేసిన మోటార్‌హోమ్ చలి రాత్రికి కాస్త ఒరిగేది అందుకే.

నవ్వుతాలు కాని విషయం ఒకటుంది. “యాడ కారుతుందో చూద్దాం” అని పైపు పొడవునా చెయ్యి నిమరడం మన దగ్గర మామూలు. సూది మొనంత రంధ్రం నుంచి ఆ 200 బార్ల పీడనంతో చిమ్మే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు. లోపల కండ కుళ్లడం మొదలవుతుంది. గంటల్లో సర్జన్ చేతిలో పడకపోతే వేలో, చెయ్యో తీసేయాల్సి వస్తుంది. అందుకే చెయ్యి బదులు అట్టముక్క అడ్డం పెట్టి చూడమంటారు. లేపిన ట్రాలీ కింద, జాకీల మీద నిలబెట్టిన మోటార్‌హోమ్ కింద గట్టి ఆసరా లేకుండా దూరొద్దని కూడా చెబుతారు; ఆయిల్ పోతే పైనున్న బరువంతా మీదికే దిగుతుంది.

భూపాలపల్లి వైపు వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. సింగరేణిలో రామగుండం దగ్గరి అడ్రియాల లాంటి లాంగ్‌వాల్ గనిలో మనుషుల నెత్తి మీది కప్పును మోసేది హైడ్రాలిక్ సపోర్టులే. “కారుతది లే, ఏం గాదు” అనే పెద్దమనిషిని ఒక షిఫ్టు వాటి కింద నిలబడి అదే మాట అనమనాలి.

కారడం హైడ్రాలిక్స్ పుట్టుగుణమని నమ్మి ఉంటే ఆ విద్య 1795లోనే ఆగిపోయేది. ఆ ఏడాది ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంట్ తీసుకున్నాడు. ప్లంజర్ పక్క నుంచి నీళ్లు కారి సతాయించాయి. ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లేకు పేరు తెచ్చిన ఉపాయం ఒక తోలు గిన్నె. పీడనం పెరిగేకొద్దీ ఆ తోలు తనంతట తానే గట్టిగా అదుముకుంటుంది. తర్వాత డెన్మార్క్ నుంచి అమెరికా వెళ్లిన నీల్స్ క్రిస్టెన్సన్ 1939లో ఓ-రింగ్‌కు పేటెంట్ పొందాడు. 1986 జనవరి 28న చలికి బిగుసుకున్న ఓ-రింగ్ తన పని చేయలేక చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయి ఏడుగురు చనిపోయారు. ఆ ఓ-రింగ్‌లకు చలి పడదని ముందు రోజు రాత్రే ఇంజనీర్లు హెచ్చరించారు. ఏం కాదులే అనుకున్నవాళ్ల మాటే నెగ్గింది.

మన సిద్ధాంతకర్త మతం మార్చుకునే రోజు ఒకటుంది, బండి అమ్మకానికి పెట్టిన రోజు. సర్వీసింగులో నీళ్ల పైపు పెట్టి మరకలన్నీ కడిగిస్తాడు, పసుపు రంగు కొట్టిస్తాడు, “చుక్క గూడ కారదు, నా మాట నమ్మురి” అని ఒట్టేస్తాడు. కొనేవాడు మాట కాదు, జాకీ నమ్మాలి. జాకీలు దించి బండి ఎత్తించి, ఇంజన్ ఆపించి, రాడ్ మీద సుద్దముక్కతో గీత గీసి, ఆయనకే చాయ్ తాగించుకుంటూ గంట కూర్చోవాలి. గీత అంగుళం కదిలితే ధర ఎన్ని వేలు కదలాలో అప్పుడు బేరం మొదలుపెట్టవచ్చు.