మెట్ల మీద అకౌంట్స్ సెక్షన్

ప్రతి నెలా 24న ఉదయం పదింటికి మా ఆఫీసులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. మూడు నెలల తర్వాతి తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు అప్పుడే వదులుతారు. మిగతా రోజుల్లో పదింటికి తత్కాల్ ఏసీ, పదకొండింటికి తత్కాల్ స్లీపరు ఉండనే ఉన్నాయి. ఈ వేళలు పెట్టినవాళ్లెవరో గానీ, ఉద్యోగి సరిగ్గా అప్పుడే సీట్లో కూలబడి కంప్యూటర్ తెరుస్తాడని తెలిసే పెట్టి ఉంటారు.

మా ఆఫీసు అమీర్‌పేటలో ఒక సెల్లారులో ఉంది. కిటికీ లేదు. ఏసీ ఉంది గానీ దానికి తెలిసిన ఊళ్లు రెండే: లంబసింగి, రెంటచింతల. నా కుర్చీకి ఒక చక్రం లేదని ఆరు నెలలుగా మొత్తుకుంటున్నాను. దాని మీద ఉలుకూ పలుకూ లేదు గానీ, పోయిన నెల మెయిలొకటి వచ్చింది: ఆఫీసు ఇంటర్నెట్‌ను సొంత పనులకు వాడరాదు. మర్నాటికల్లా తిరుమల, రైలు టికెట్ల సైట్లు రెంటికీ తాళం పడింది. ఐటీ కుర్రాణ్ణి అడిగితే, "పైనుంచి ఆర్డరండీ, మా కాకినాడకూ తత్కాలే గతండీ" అని కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు.

రాత్రి పదకొండింటికి మేనేజరుగారు వాట్సాప్ గ్రూపులో "జీఎస్టీ షీటు ఒక్కసారి చూస్తారా" అంటారు. చూస్తాం. మా ఇంటి వైఫై మీదే చూస్తాం. ఆ బిల్లు ఎప్పుడైనా ఆఫీసుకు పంపానా? మా ఆవిడ పంపమంటూనే ఉంది.

సరే, 24 వచ్చింది. సెల్లారులో సిగ్నల్ అందదు. తొమ్మిదీ యాభై అయిదుకల్లా సెక్షను సెక్షనంతా మెట్ల మీద, పైమెట్టు సీనియర్లకు. క్యూలో ఉన్నారు, వేచి ఉండండి అంటోంది ఫోను. ఇంతలో కిందినుంచి బూట్ల చప్పుడు. మేనేజరుగారు! గోవిందా అనుకున్నాం, రెండర్థాల్లోనూ.

ఆయన మమ్మల్నందర్నీ ఎగాదిగా చూసి, గొంతు తగ్గించి, "ఇక్కడ సిగ్నల్ బాగుందా?" అన్నారు. పైమెట్టు ఖాళీ చేశాం. ఆయన ఓటీపీ పది పద్నాలుగుకు వచ్చింది. అప్పటికి టికెట్లు లేవు.

మర్నాడు సైట్ల తాళాలు తీశారు. నా కుర్చీ చక్రం మాత్రం ఇంకా రాలేదు.

మా దగ్గర మీ బిల్లేదైనా ఆగిపోయి ఉంటే దయచేసి పదింటికి ఫోను చేయకండి. పదకొండింటికీ వద్దు, స్లీపరువాళ్లు ఉంటారు.