పక్కసీటు బ్రేకు

నేను గుంటూరులో ఒక డ్రైవింగ్ స్కూలు కారులో బ్రేకు పెడల్ని. స్టీరింగు వైపు కాదు, మాస్టారు కూర్చునే ఎడమ వైపు. కంపెనీలో పుట్టినప్పుడు కారుకి నేను లేను. నేర్పే బండికి రెండో కంట్రోలు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతాయి కాబట్టి మెకానిక్కు తెచ్చి బిగించాడు. ఒక కేబులు నన్నూ అవతలి పెడల్నీ కలుపుతుంది. నన్ను తొక్కితే అదీ కిందికి దిగుతుంది.

చిక్కంతా అక్కడే. ఆ క్షణాన నేర్చుకునేవాడి కాలు అవతలి పెడల్ మీద ఉంటే, బండి తనే ఆపాననుకుంటాడు. కొందరు మాస్టార్లు నన్ను గుట్టుగా తొక్కి, "మీవాడికి చెయ్యి తిరిగిందండీ" అని ఫీజు పుచ్చుకుంటారు. లైసెన్సు చేతికొచ్చాక సొంత కారులో నేనుండను కదా!

మా మాస్టారికి నిజం చెప్పడానికి మొహమాటం లేదు. మొన్న పేరేచర్ల వైపు వెళ్తున్నాం. ముందు మిర్చి టిక్కీల (బస్తాల) ట్రాక్టరు. టిక్కీలు ట్రాక్టరు వెనకున్న ట్రక్కు అంచులు దాటి బయటికొచ్చాయి, వెనక లైటు లేదు. ఉన్నట్టుండి అది చేల డొంకలోకి తిరిగింది. మాస్టారి చెప్పు నా మీద పడింది.

"చూశారా మాస్టారూ, ఎలా ఆపానో!" అన్నాడు నేర్చుకునే కుర్రాడు.

"ఆపింది నేను. నీ కాలు ఇంకా యాక్సిలరేటరు మీదే ఉంది, చూసుకో."

కుర్రాడిది ప్రత్తి, మిరప వేసే ఇల్లు. మీసం రాకముందే ట్రాక్టరు తోలాడట. చేలో అబ్బిన చేతి నేర్పు బాగుంది గానీ, అద్దం చూసే అలవాటే లేదు. చేలో వెనకెవరొస్తారు? 18 ఏళ్లు నిండనివాడికి బండిస్తే తండ్రికి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని 2019 సవరణ చట్టంలో ఉంది. మిరప కోతలప్పుడు ఊళ్లో దాన్ని తలిచేదెవరు?

కారుకైతే నిబంధనల ప్రకారం కనీసం 21 రోజుల పాఠం, పది గంటల డ్రైవింగు. కూలీలను ఎక్కించుకునే ట్రాక్టరు దగ్గర ఎడమ సీటే లేదు, నేనెక్కడ ఉంటాను? 2020 మే 14న ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర మిరప కూలీలతో ఇంటికెళ్తున్న ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దింది. తీగలు తెగి మీద పడి ఎందరో పోయారు. ట్రక్కు సరుకుకే గానీ మనుషులకు కాదని ఆ సంగతి వినగానే అందరూ అన్నారు. అయినా కూలీలు మళ్లీ ట్రక్కే ఎక్కారు; పొద్దున్నే చేనుకి చేర్చే బండి ఇంకేదీ?

అదే జిల్లా దర్శిలో ప్రభుత్వ డ్రైవింగ్ శిక్షణ కేంద్రం వెలిసింది. మంచిదే. కానీ కోతల కాలంలో చేను వదిలి అక్కడిదాకా ఎవరెళ్తారు? కోతలకు ముందే మార్కెట్ యార్డులో ఒక పూట పాఠం పెడితే ఎక్కువమంది వింటారని నాకనిపిస్తుంది.

మాస్టారిదీ అదే లెక్క కాబోలు. కుర్రాడు దిగుతుంటే అడిగారు:

"మీ ట్రక్కుకి వెనక లైటుందా?"

"వైరు ఎలుకలు కొరికేశాయండీ."

"రేపు ట్రాక్టరేసుకుని రా. మీ నాన్నని కూడా తీసుకురా."